ఫిల్టర్ల డైరీ: 82 మి.మీ. గుండ్రనివా, 100 మి.మీ. పలకలా?

లెన్స్ ఫిల్టర్లు కొనబోయేవాళ్లు ఈ లెక్కలు చూసి అలాగే చేయొచ్చు, లేదా నాకు పని చేయనివి వదిలేయొచ్చు. గుండ్రనివి లెన్స్‌కి తిప్పి బిగించేవి, పలకలు లెన్స్ ముందు హోల్డర్‌లో పెట్టి జరిపేవి. నా దగ్గర ఉన్నది పాత ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్. తీసేవి ముఖ్యంగా రెండు: విశాఖ తీరం, వానలు తగ్గాక అరకు దారిలో జలపాతాలు. పెళ్లిళ్లు, వీడియోలు తీసేవాళ్లకి ఈ ఎంపిక కుదరకపోవచ్చు, కానీ గోడ మీద చేసిన పరీక్షలు మాత్రం ఎవరికైనా పనికొస్తాయి.

దశ 1: లెన్సుల కొలతలు

ముందు లెన్సులన్నీ టేబుల్ మీద పెట్టి థ్రెడ్ సైజులు (ఫిల్టర్ బిగించే మరల వెడల్పు) రాసుకున్నాను. లెన్స్ ముందు అంచున, సున్నాకి అడ్డగీత గీసినట్టుండే గుర్తు పక్కన ఆ అంకె ఉంటుంది. అది చెరిగిపోతే చాలా మూతల లోపలి వైపు కూడా అచ్చు వేసి ఉంటుంది. ఫోకల్ లెంగ్త్‌కీ దీనికీ సంబంధం లేదు. 50 మి.మీ. లెన్స్ కదా అని 50 మి.మీ. ఫిల్టర్ అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

1. కెనాన్ 16-35 ఎఫ్4: 77 మి.మీ.
2. కెనాన్ 24-105 ఎఫ్4: 77 మి.మీ.
3. కెనాన్ 70-300 రెండో వెర్షన్: 67 మి.మీ.
4. కెనాన్ 50 ఎఫ్1.8 ఎస్‌టీఎం: 49 మి.మీ.

ప్రతి సైజుకీ ఒక సెట్ కొంటే డబ్బు దండగ. అన్నిటికన్నా పెద్ద సైజులో ఒకే సెట్ కొని, చిన్న లెన్సులకి స్టెప్-అప్ రింగులు (చిన్న థ్రెడ్‌కి పెద్ద ఫిల్టర్ పట్టించేవి) పెట్టుకుంటే సరిపోతుంది. లెక్క ప్రకారం నాకు 77 చాలు, అయినా 82కి వెళ్లాను. ఒక కారణం, ఎఫ్2.8 జూమ్‌లు చాలావాటికి 82 ఉంటుంది, రేపు మార్చినా ఫిల్టర్లు మళ్లీ కొననక్కర్లేదు. రెండోది, 16 మి.మీ. దగ్గర రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పెడితే మూలలు నల్లబడతాయి, వెడల్పు ఎక్కువుంటే ఆ బాధ తగ్గుతుంది.

ఇది ఊహ కాదు, కొలిచాను. ఒక మిత్రుడి 77 మి.మీ. ఫిల్టర్లు రెండు తెచ్చి ఎఫ్11లో తెల్ల గోడని తీస్తే 16లో నాలుగు మూలలూ నల్లగా వచ్చాయి, 20కి జూమ్ చేశాకే శుభ్రపడింది. 77-82 రింగు మీద 82 మి.మీ.వి రెండు పెడితే 16లో మూల చివర మాత్రం సన్నటి నీడ కనిపించింది, 18కి పోయింది. ఒక్క ఫిల్టర్ పెడితే 16లోనూ ఏమీ లేదు.

స్టెప్-అప్ రింగు వేశాక లెన్స్ హుడ్ పట్టదు. ఎండ పక్క నుంచి పడుతుంటే చెయ్యో టోపీయో అడ్డం పెట్టుకోవడమే. 50 మి.మీ. లెన్స్‌ని ఈ లెక్కలోంచి తీసేశాను, 49 నుంచి 82కి రింగు వేస్తే ముందు భాగం లెన్స్ కంటే పెద్దదైపోతోంది.

కొన్నవి: 77-82, 67-82 అల్యూమినియం రింగులు.
ఇప్పటిదాకా ఖర్చు: ₹900

దశ 2: ఎంత చీకటి కావాలి?

ఎన్‌డీ ఫిల్టర్ల (లెన్స్‌లోకి వెళ్లే వెలుతురు తగ్గించే ముదురు గాజు) మీద రాసే అంకెలు కంపెనీని బట్టి మారతాయి, కొనేటప్పుడు అసలు గందరగోళం ఇక్కడే. ఒకరు వెలుతురు ఎన్నో వంతుకి తగ్గుతుందో రాస్తారు, ఇంకొకరు డెన్సిటీ రాస్తారు. డెన్సిటీలో ప్రతి 0.3 ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి తగ్గడం.

1. ఎన్‌డీ8, 0.9 రెండూ ఒకటే: 3 స్టాపులు.
2. ఎన్‌డీ64, 1.8 ఒకటే: 6 స్టాపులు.
3. ఎన్‌డీ1000, 3.0 ఒకటే: 10 స్టాపులు.

ఇక నేను తీసే చోట్ల మీటర్ చూపించే అంకెలతో లెక్క వేశాను. సూర్యుడు వచ్చిన కాసేపటికి తీరంలో ఐఎస్‌ఓ 100, ఎఫ్11 దగ్గర 1/60 వస్తోందనుకుందాం. ఎన్‌డీ8తో అది 1/8 సెకను, ఎన్‌డీ64తో 1 సెకను, ఎన్‌డీ1000తో 16 సెకన్లు అవుతుంది. తెల్లవారకముందు 1/4 సెకను ఉన్నప్పుడైతే ఎన్‌డీ64తోనే 16 సెకన్లు వచ్చేస్తాయి. అదే వెలుతురులో ఎన్‌డీ1000 పెడితే నాలుగు నిమిషాలు దాటుతుంది, ఆ నాలుగు నిమిషాల్లో ఆకాశం రంగే మారిపోతుంది.

జలపాతం లెక్క వేరు. బొర్రా దగ్గర కటికి జలపాతంలో మబ్బు పట్టి ఉంటే చెట్ల నీడలో 1/15 దాకా వస్తుంది. అక్కడ పోలరైజర్ (నీళ్లు, తడి ఆకుల మీద మెరుపు తగ్గించే ఫిల్టర్) ఎలాగూ ఉంటుంది, అది ఒకటిన్నర స్టాపు తినేస్తుంది. దానికి ఎన్‌డీ8 కలిపితే ఒకటిన్నర సెకను. నాకు కావాల్సింది అంతే. నీటి ధారలు విడివిడిగా కనిపించాలంటే అర సెకను నుంచి రెండు సెకన్ల లోపు ఉండాలి. అక్కడ ఎన్‌డీ64 పెడితే 12 సెకన్లు దాటి, నీళ్లు దూది పరిచినట్టు ఒకే తెలుపుగా మారి జలపాతం ఆకారమే పోతుంది.

అంటే నాకు ఎక్కువగా అక్కరకొచ్చేవి 3, 6 స్టాపులవి. ప్రతి కొనుగోలు సలహాలోనూ ముందుండే 10 స్టాపులది కాదు. పైగా 3, 6 కలిపి పెడితే 9 స్టాపులు, 1/60 కాస్తా ఎనిమిదిన్నర సెకన్లు.

దశ 3: వేరియబుల్ ఎన్‌డీ పనికిరాలేదు

ఒక్క ఫిల్టర్ తిప్పితే 2 నుంచి 8 స్టాపుల దాకా మారుతుందంటే ఇన్ని ఎందుకు మోయాలి అనిపిస్తుంది కాబట్టి అరువు తెచ్చి చూశాను. దాని లోపల ఉండేది రెండు పోలరైజర్లు. ఒకదాని మీద ఒకటి తిరిగే కొద్దీ వెలుతురు ఆగుతుంది. వైడ్ లెన్స్‌లో కాంతి అంచుల నుంచి వాలుగా వస్తుంది కదా, ఆ కోణంలో రెండు పొరల అడ్డు ఒకేలా ఉండదు. అందుకే 16 మి.మీ.లో 5 స్టాపులు దాటగానే ఫ్రేమ్ మధ్యలో పెద్ద ఇంటూ గుర్తు లాంటి నల్ల మచ్చ. 24లో కొంచెం తగ్గింది, 50 దాటాక బాగానే ఉంది.

ఇంకో సమస్య, చీకటి పెంచడానికి తిప్పితే తడి రాళ్ల మీద మెరుపు కూడా మారిపోతోంది. వెలుతురు ఒకటి, మెరుపు ఒకటి విడిగా సరిచేసుకునే వీలు లేదు. వీడియో తీస్తూ షట్టర్ 1/50 దగ్గర ఉంచాల్సినవాళ్లకి ఇది మంచి సాధనమే. నా పనికి కాదు. తిరిగి ఇచ్చేశాను.

ఇప్పటిదాకా ఖర్చు: ₹900 (మార్పు లేదు)

దశ 4: గోడ పరీక్ష, గొడుగు పరీక్ష

ముందు ఎన్‌డీ8, 64, 1000 మూడూ ఉన్న చవక సెట్ ₹4,200కి కొన్నాను. బయటికి తీసుకెళ్లే ముందు ఇంట్లో చేసిన పరీక్ష ఇది, ఏ కంపెనీదైనా ఇలాగే చూడొచ్చు.

1. మబ్బులు లేని మధ్యాహ్నం, నీడలో ఉన్న తెల్ల గోడ ముందు ట్రైపాడ్ పెట్టండి. వెలుతురు మారకూడదు.
2. రా ఫార్మాట్, మాన్యువల్ మోడ్, ఐఎస్‌ఓ 100. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, డేలైట్‌లో ఉంచండి.
3. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి కొంచెం తప్పించండి, గోడ మీద గరుకు కనిపించకుండా.
4. ఫిల్టర్ లేకుండా ఒకటి తీయండి.
5. ఫిల్టర్ పెట్టి, దాని మీద రాసిన స్టాపుల మేరకు షట్టర్ సమయం పెంచి ఇంకొకటి తీయండి.
6. కంప్యూటర్లో రెండో ఫొటో ఎక్స్‌పోజర్ స్లైడర్ ఎంత జరిపితే మొదటిదానితో సమానమవుతుందో చూడండి. అదే తేడా.
7. మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ రంగు అంకెలు రాసుకోండి.

నాకు వచ్చినవి: ఎన్‌డీ8 అసలు 2.8 స్టాపులు, ఎన్‌డీ64 అసలు 6.3, ఎన్‌డీ1000 అసలు 10.6. ఆ చివరి 0.6 చిన్నగా కనిపిస్తుంది గానీ, లెక్క ప్రకారం ఒక నిమిషం ఇవ్వాల్సిన చోట ఒకటిన్నర నిమిషం ఇవ్వాలని దాని అర్థం. ఈ అంకెలు స్కెచ్ పెన్నుతో ఫిల్టర్ డబ్బాల మీద రాసేశాను. ఫోన్లో లెక్క వేసే యాప్‌కి కూడా రాసి ఉన్న అంకె ఇవ్వను, ఇదే ఇస్తాను.

రంగు సంగతి. ఎన్‌డీ8 దాదాపు తటస్థంగా ఉంది. ఎన్‌డీ64 కొంచెం గోధుమ రంగు వైపు, ఎన్‌డీ1000 బాగా ఊదా వైపు జరిగాయి. గోడ ఫొటోలో వైట్ బ్యాలెన్స్ మారిస్తే రెండూ సర్దుకున్నాయి, పర్లేదు అనుకోవచ్చు. కానీ ఎండలో నల్ల గొడుగు తెరిచి పెట్టి తీస్తే అసలు సంగతి బయటపడింది. గొడుగు గుడ్డ ముదురు గోధుమలోకి మారింది, పక్కనున్న ఆకులు పసుపు తిరిగాయి, సిమెంటు నేల మాత్రం మామూలుగా ఉంది.

దీనికి కారణం ఇన్‌ఫ్రారెడ్. చవక ఎన్‌డీ కంటికి కనిపించే కాంతిని ఆపినంతగా ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపదు. సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు ఉన్నా అది మొత్తాన్ని ఆపలేదు. మామూలుగా ఆ కాస్త లెక్కలోకి రాదు, కానీ మామూలు కాంతిని వెయ్యో వంతుకి తగ్గించాక అదే పెద్ద వాటా అయిపోతుంది. కొన్ని రకాల గుడ్డలు, ఆకులు ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువగా తిప్పికొడతాయి కాబట్టి రంగు ఫ్రేమంతా ఒకేలా మారదు. అందుకే వైట్ బ్యాలెన్స్‌తో సరిచేయలేం, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది.

చేసిన మార్పు: ఎన్‌డీ8 ఉంచేశాను. 64, 1000 రెండింటినీ, రంగు సంగతి ముందే చెప్పి, బ్లాక్ అండ్ వైట్ మాత్రమే తీసే ఒకతనికి ₹1,300కి ఇచ్చాను, అతని పనికి అవి సరిపోతాయి. ఇన్‌ఫ్రారెడ్ ఆపే కోటింగ్ ఉన్న ఎన్‌డీ64 ₹5,400కి కొన్నాను. అదే గోడ మీద 6.1 వచ్చింది, గొడుగు నల్లగానే ఉంది. 10 స్టాపులది మళ్లీ కొనలేదు.

ఇప్పటిదాకా ఖర్చు: ₹9,200

దశ 5: రింగు బిగుసుకుపోయింది

యారాడ బీచ్‌లో ఉప్పు గాలికి అల్యూమినియం రింగూ, ఫిల్టర్ అల్యూమినియం అంచూ ఒకదానికొకటి పట్టేశాయి. రెండు వేళ్లతో గట్టిగా నొక్కి తిప్పితే ఇంకా బిగుస్తుంది, ఎందుకంటే ఆ పట్టుకి సన్నటి రింగు కోడిగుడ్డు ఆకారంలోకి వంగి మరలు ఒరుసుకుంటాయి. రావాలంటే చుట్టూ ఒకే ఒత్తిడి పడాలి. నాకు పనిచేసిన పద్ధతి:

1. వెడల్పు రబ్బరు బ్యాండు రింగు చుట్టూ వేసి, అరచేతి మొత్తంతో పట్టుకుని తిప్పడం. సగం సార్లు దీనికే వస్తుంది.
2. రాకపోతే శుభ్రంగా కడిగిన హవాయి చెప్పు అడుగు భాగాన్ని ఫిల్టర్ అంచు మీద సమంగా ఆనించి, నొక్కకుండా తిప్పడం. గాజుకి తగలకుండా అంచుకే తగలాలి.
3. పెట్టేటప్పుడే చివరిదాకా బిగించకుండా, తగిలిన చోటి నుంచి కొంచెం వెనక్కి తిప్పి వదలడం.

వైడ్ లెన్స్‌కి వాడే 77-82 రింగుని ఇత్తడిదానితో మార్చాను, ₹1,100. ఇత్తడీ అల్యూమినియమూ ఒకదాన్నొకటి అంతగా పట్టుకోవు. 67-82 మాత్రం పాతదే, టెలి లెన్స్‌కి తక్కువగా వాడతాను.

ఇప్పటిదాకా ఖర్చు: ₹10,300

దశ 6: పోలరైజర్, తీరం దిక్కు

82 మి.మీ. సీపీఎల్, అంటే పోలరైజరే, ₹5,200. ఈ డబ్బు గురించి ఎక్కువ ఆలోచించలేదు. ఎన్‌డీ చేసే పనిని కొన్ని ఫొటోలు కలిపి కంప్యూటర్లో కొంత తెచ్చుకోవచ్చు, తడి ఆకు మీద మెరుపు కింద పోయిన పచ్చదనాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. నీటి ఉపరితలానికి దాదాపు 37 డిగ్రీల కోణంలో చూస్తే మెరుపు బాగా తెగుతుంది. అందుకే కటికి దగ్గర ట్రైపాడ్ ఎత్తు మార్చి మార్చి చూడాలి, ఒక అడుగు తేడాకే మడుగు అడుగున రాళ్లు కనిపించడం, మానేయడం జరుగుతుంది.

ఆకాశం విషయంలో మాత్రం మన తీరానికి ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది. ఆకాశం మీద పోలరైజర్ బాగా పనిచేసేది సూర్యుడికి 90 డిగ్రీల పక్కన, సూర్యుడికి ఎదురుగా దాదాపు ఏమీ చేయదు. అంటే పొద్దున్నే సముద్రంలోకి తిరిగి సూర్యోదయం తీస్తుంటే అది ఒకటిన్నర స్టాపు తినడం తప్ప ఉపయోగం లేదు, తీసేయాలి. తీరం వెంబడి తీసేటప్పుడు వాడాలి. విశాఖ నుంచి భీమిలి వైపు తీరం సుమారుగా ఈశాన్యానికి సాగుతుంది. డిసెంబరులో సూర్యుడు తూర్పు నుంచి బాగా ఆగ్నేయం వైపు జరిగి, దిక్సూచి మీద 115 డిగ్రీల దగ్గర వస్తాడు. అప్పుడు భీమిలి వైపు చూసినా ఇటు విశాఖ వైపు చూసినా సూర్యుడు ఫ్రేమ్‌కి దూరంగా పక్కనుంటాడు, పోలరైజర్ చక్కగా పడుతుంది. జూన్‌లో 65 డిగ్రీల దగ్గర వస్తాడు కాబట్టి భీమిలి వైపు తిరిగితే దాదాపు ఎదురుగానే ఉంటాడు, పడదు.

ఇంకోటి, 16 మి.మీ.లో ఫ్రేమ్ వెడల్పు దాదాపు 97 డిగ్రీలు. అంత ఆకాశంలో ఒక ముక్క ముదురు నీలం, పక్క ముక్క వెలిసిన నీలంగా పట్టీలు వస్తాయి. నీలాకాశం ఉంటే 28 కంటే వైడ్‌లో సీపీఎల్ వాడటం మానేశాను. ఆకాశమే లేని జలపాతం ఫ్రేముల్లో ఎంత వైడ్ అయినా ఇబ్బంది లేదు.

ఇప్పటిదాకా ఖర్చు: ₹15,500

దశ 7: పలకల హోల్డర్, ఎక్కువ కష్టపెట్టింది ఇదే

సూర్యోదయంలో ఆకాశానికీ ఇసుకకీ మధ్య 4 స్టాపుల తేడా సులువుగా వస్తుంది. రెండు ఎక్స్‌పోజర్లు తీసి కలపడం ఒక దారి. చిన్న షట్టర్ సమయాలకి నేనూ అదే చేస్తాను. కానీ ఎన్‌డీ పెట్టి ఒకటి 15 సెకన్లు, ఇంకొకటి 2 నిమిషాలు తీస్తే మబ్బులు జరిగిపోతాయి, అలల నురుగు గీతలు కలవవు. అందుకే పై సగం ముదురుగా, కింద సగం తేటగా ఉండే జీఎన్‌డీ కావాలి. అది గుండ్రని ఫిల్టర్‌గా పనికిరాదు, క్షితిజం ఎప్పుడూ ఫ్రేమ్ నడిమధ్యే ఉండాల్సొస్తుంది. పైకీ కిందకీ జరపాలంటే 100×150 మి.మీ. పలకా, హోల్డరే గతి. 82 మి.మీ. రింగుతో హోల్డర్ ₹6,800.

మొదట హార్డ్ జీఎన్‌డీ (ముదురు నుంచి తేటకి ఒక్కసారిగా మారేది) అద్దెకి తెచ్చాను, ₹600. సముద్రం గీత తిన్నగా ఉంటుంది కదా, హార్డ్ సరిపోతుందనే ఎవరైనా అంటారు. భీమిలిలో ఉత్త సముద్రం తీసినంతసేపు బాగుంది. ఆర్కే బీచ్ నుంచి ఫ్రేములోకి డాల్ఫిన్స్ నోస్ కొండ రాగానే కొండ పైభాగం బొగ్గులా నల్లబడింది, కింది భాగం మామూలుగా ఉంది. మన తీరంలో కొండ లేని ఫ్రేములు తక్కువే. అంచు ఎంత మెత్తగా మారుతుందనేది అపర్చరు మీదా ఆధారపడుతుంది: ఎఫ్4లో చూస్తే బాగా కలిసిపోయినట్టుంటుంది, ఎఫ్16లో తీస్తే గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి లైవ్ వ్యూలో డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని పలక జరపాలి. చివరికి మీడియం, 3 స్టాపులది, గాజుది, ₹7,400కి కొన్నాను.

ఈ హోల్డర్‌తో వచ్చిన సమస్యలు, వాటికి చేసినవి:

1. ఫ్రేమ్ మధ్యలో తెల్లటి అడ్డపట్టీ. రెండు నిమిషాల షాట్లలోనే వచ్చింది. హోల్డర్ చుట్టూ నల్ల గుడ్డ కప్పినా తగ్గలేదు. తర్వాత వ్యూఫైండర్ కంటి రంధ్రం మూస్తే పోయింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వెనక నుంచి ఆ దారిన వెలుతురు లోపలికి వస్తుంది. కెనాన్ పట్టీకి ఉండే చిన్న రబ్బరు మూత దీనికే. మిర్రర్‌లెస్ వాళ్లకి ఈ గొడవ లేదు.
2. సాయంత్రం ఫొటోల్లో లెన్స్ మీద అక్షరాలు. తూర్పు తీరంలో సాయంత్రం సముద్రం వైపు తిరిగితే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు. ఆ కాంతి పలక వెనక వైపు పడి, లెన్స్ ముందున్న తెల్ల అక్షరాలు గాజులో ప్రతిబింబించి ఫొటోలోకి వచ్చేశాయి. ట్రైపాడ్ వెనక గొడుగు పట్టుకుంటే తగ్గింది. తర్వాత ఆ అక్షరాల మీద నల్ల గాఫర్ టేప్ చిన్న ముక్కలు అంటించాను.
3. ఉప్పు తుంపర. 100 మి.మీ. వెడల్పు గాజు గాలికి ఎదురుగా నిలబడుతుంది, 82 గుండ్రనిదాని కంటే త్వరగా మసకబారుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పు గరుకే గీతలు పెడుతుంది. ముందు బ్లోయర్, తర్వాత సీసాలో తెచ్చుకున్న డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాతే మైక్రోఫైబర్ గుడ్డ.
4. పలక ఎన్‌డీలు అవసరం లేదు. అదే ధరలో 100×100 ఎన్‌డీలు కూడా కొనాలా అన్నది పెద్ద ప్రశ్నే. కానీ 82 ఎన్‌డీ64ని లెన్స్ రింగుకి తిప్పి, దాని ముందు థ్రెడ్‌కే హోల్డర్ రింగు బిగించి చూస్తే 16లో మూలలు నల్లబడ్డాయి, 19కి శుభ్రంగా ఉంది. నేను తీరంలో తీసేవి ఎక్కువగా 20 నుంచి 30 మధ్యే. అలా గుండ్రని ఎన్‌డీ, ముందు పలక జీఎన్‌డీ కలిసి పనిచేస్తున్నాయి, ఎన్‌డీకీ హోల్డర్‌కీ మధ్య వెలుతురు దూరే సందు కూడా ఉండదు.

బ్లోయర్, గుడ్డలు, గాఫర్ టేప్ కలిపి ₹650.

ఇప్పటిదాకా ఖర్చు: ₹30,950

దశ 8: సంచిలో మిగిలినవి

జలపాతానికి: సీపీఎల్, ఎన్‌డీ8, రెండు రింగులు, అంతే. హోల్డర్ ఇంట్లో. కటికి దగ్గర తుంపరలో పలక తుడుచుకుంటూ కూర్చునే సమయం ఉండదు, చెట్ల మధ్య తిన్నటి క్షితిజమూ ఉండదు.

తీరానికి: ఎన్‌డీ64, మీడియం జీఎన్‌డీ, హోల్డర్, ఎండాకాలం తప్ప సీపీఎల్ కూడా. ఎండెక్కాక ఎక్కువసేపు కావాలంటే ఎన్‌డీ8 కూడా కలిపి 9 స్టాపులు, హోల్డర్ లేకుండా.

వంటింటి కాటా మీద గుండ్రని సెట్ పౌచ్‌తో 310 గ్రాములు, హోల్డరూ పలకా కలిపి 420 గ్రాములు తూగాయి. ఇద్దరు ముగ్గురు మొదటిసారి కొనేవాళ్లు అడిగితే ఇదే వరస చెప్పాను: సీపీఎల్ ముందు, ఎన్‌డీ64 తర్వాత, ఎన్‌డీ8 ఆ తర్వాత. హోల్డర్ కొనేముందు దాన్ని ఒక జీఎన్‌డీతో కలిపి అద్దెకి తెచ్చి, మీరు తీసే చోటే ఒక పొద్దున్న వాడి చూడండి.

మిగిలిన పని ఒకటుంది. 67-82 అల్యూమినియం రింగుకి మొన్న లోపల తెల్లటి పొడి కనిపించింది, ఉప్పు తినడం మొదలైంది. పాత టూత్‌బ్రష్‌తో మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాను. మరలు మళ్లీ పట్టేస్తే దానికీ ఇత్తడిదే తేవాలి, అప్పుడు ఇంకో ₹1,100 ఈ లెక్కలో కలుస్తుంది.